మూడు కుర్చీల కింద దుమ్ము

జూన్ 3

చిరంజీవి పిడుగును పెద్దమ్మ దీవించి రాయిస్తున్నది.

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. మోకాలు మాత్రం మెట్లు చూస్తే చాలు మొహం తిప్పుకుంటోంది. ఆఫీసు పై అంతస్తు ఊడ్చి, కింద తూనికల గదిలో ఇత్తడి తూకపు రాళ్లు తుడిచేసరికి తొమ్మిదవుతుంది. ఆ తర్వాతే నా కాఫీ. ప్రధాన కార్యాలయంలో సిబ్బంది విభాగమంతా నీ చేతి కింద ఉందనీ, పద్దెనిమిది మంది నువ్వు చెప్పినట్టు వింటారనీ మా టైపిస్టుతో అన్నాను. నోరు తెరిచింది. మా పిడుగు జడ వెయ్యాలంటే ఒకప్పుడు పద్దెనిమిది మంది పట్టుకోవాల్సి వచ్చేదమ్మా అన్నాను.

ఇక అసలు సంగతి. గడచిన మూడేండ్ల హాజరు పట్టీలు పంపవలసినదిగా మీ విభాగము నుండి ఉత్తర్వు వచ్చినది. సదరు పట్టీలు అలమారలో లేవు. అవి పనికిరాని కాగితములని తలచి, పాత కాగితముల బండివానికి నేనే ఇచ్చివేసితిని. చదువురానిదానను. తెలియక చేసిన తప్పు. తమరు దయతలచి, ఈ విషయమై పెద్ద విచారణ జరిపించక ఇంతటితో ముగించవలసినదిగా ప్రార్థన. సూపరింటెండెంటు గారు ఇచ్చిన కాగితముపై కూడా ఇదే విషయమునకు వేలిముద్ర వేసియున్నాను.

అక్కడ వానలు మొదలయ్యాయా? పాత గొడుగు పారెయ్యకు. పుల్లలు మార్పిస్తే ఇంకో పదేళ్లు వస్తుంది. వేళకు తిను. నిలబడి తినకు.

చెప్పినది పెద్దమ్మ (ఎడమ బొటనవేలి ముద్ర)
రాసినది రికార్డు గుమాస్తా


జూన్ 9

పెద్దమ్మా,

నీ ఉత్తరం ఆఫీసు టపాలో వచ్చింది. అందరి ముందూ నవ్వుతూ విప్పాను. గొడుగు దాకా చదివి, లేచి తలుపు వేసుకున్నాను.

నువ్వు నన్ను 'తమరు' అన్నావు. దయతలచమన్నావు. నా ఎరుకలో నువ్వు ఎవరినీ బతిమాలలేదు. ఇంటి ఓనరు సామాను వీధిలో పెట్టిన రోజున కూడా, మంచం కాళ్లు గీరుకుపోకుండా దింపమని ఆయన మీదే కేకలేశావు. అలాంటిదానివి ఇలా రాయించావంటే అక్కడ నిన్ను ఎంత బెదిరించి ఉంటారో అనిపించింది. నాకూ భయం పట్టుకుంది.

మూడేళ్ల హాజరు పుస్తకాలు బండికి ఎలా ఎత్తించావు? ఖాళీ కవరు కూడా 'ఇది కావాలా' అని నలుగురిని అడిగి గానీ పారెయ్యవే.

ఇప్పుడు చెప్పబోయేది విని కోప్పడకు. మా విభాగంలో ఒక నియమం ఉంది. విచారణలో ఉన్న మనిషి మనకు బంధువైతే ఆ సంగతి పైవాళ్లకు చెప్పి, ఫైలు వదిలేసి పక్కకు తప్పుకోవాలి. ఆ మనిషి దగ్గర్నుంచి వచ్చిన కాగితం ఏదైనా అప్పగించాలి. ఆ నియమం కొత్తగా చేరిన ప్రతివాళ్లకూ నేనే చెబుతాను. అందుకే నీ ఉత్తరం తీసుకెళ్లి డైరెక్టరు గారి చేతిలో పెట్టాను. దాచి, రేపు ఎవరో బయటపెడితే నీ తప్పు రెండింతలవుతుంది.

జూలై ఒకటిన విచారణాధికారి మీ ఆఫీసుకు వస్తారు. జరిగింది జరిగినట్టు చెప్పు. ఈలోగా ఎవరు ఏ కాగితం చూపించినా వేలు పెట్టకు. అన్నిటికంటే ముఖ్యం ఇదే.

ఫోను చేద్దామంటే మీ ఆఫీసు ఫోను గుమాస్తా బల్ల మీదే ఉంటుంది. నీకు ఇంట్లో పెట్టిస్తానంటే 'గంట మోగితే గుండె ఆగుతుంది' అంటావు. ఇంక ఉత్తరాలే మనకు దిక్కు. ఇంటి చిరునామాకు రాయించు.

నీ పిడుగు


జూన్ 17

ఒసేయ్ పిడుగూ,

ఇది చెబుతున్నది నేను. రాస్తున్నది మా వీధి చివర కుట్టుమిషను ఆమె. ఆమె అక్షరాలు కూడా కుట్టు వేసినట్టు బిగించి ఉంటాయట, కళ్లజోడు పెట్టుకుని చదువుకో.

ముందు నిన్ను తిట్టాలి. ఇరవై ఏళ్లు పెంచానే నిన్ను! 'ప్రార్థన' అన్న మాట నా నోట ఎన్నిసార్లు విన్నావు? కాగితం మీద కనపడితే చాలా? నా వేలిముద్ర ఉంటే ఆ పైనున్నదంతా నా నోటిదే అనుకున్నావా? నీ కింద అంతమందిని పెట్టి ఏం నేర్పుతున్నావే వాళ్లకు?

సరే, తిట్టడం అయింది. ఇప్పుడు విను.

నాకు అక్షరం ముక్క రాదు. అందుకని మనుషుల్ని నమ్మనని కాదు. ఒక్క మనిషినే నమ్మను. వచ్చిన ప్రతి కాగితం ఇద్దరితో చదివిస్తాను. ఆ ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పడకూడదు. ఒకరికి తెలియకుండా ఒకరి దగ్గరికి పోతాను. గుమాస్తాకూ, కుట్టుమిషను ఆమెకూ నాలుగేళ్లుగా మాటల్లేవు. తన చొక్కా కాలరు పాడుచేసిందని ఆయన, అసలు ఆ బట్టే కుళ్లు బట్ట అని ఈమె. (ఈ ముక్క నేను చేరుస్తున్నాను, నిజంగానే కుళ్లు బట్ట. — రాస్తున్న ఆమె.) అందుకే ఏరి ఏరి వాళ్లిద్దరినీ పట్టుకున్నాను.

నీ ఉత్తరం గుమాస్తా చదివితే ఇలా ఉంది: "పెద్దమ్మా, నేను చూసుకుంటాను, నువ్వు ఊరుకో. వాళ్లు చూపించిన కాగితం మీద వేలు పెట్టు." మడిచి నా చేతికిచ్చి, "మీ అమ్మాయి తెలివైనదమ్మా" అన్నాడు. సాయంత్రం అదే కాగితం ఈమె చదివింది. 'వేలు పెట్టకు' అని వచ్చేసరికి, "ఇంకోసారి చదువు" అన్నాను. మూడుసార్లు చదివింది. మూడుసార్లూ 'పెట్టకు' అనే వచ్చింది.

ఇంత జాగ్రత్త చదివించుకోవడంలో పెట్టాను గానీ, రాయించడంలో పెట్టలేదు. అది నా తప్పు, ఒప్పుకుంటాను. నేను చెప్పింది ఆయన రాశాడు, నాలుకతో తడిపి ఆయనే అంటించాడు, ఆయనే డబ్బాలో వేశాడు. రాసినదాన్ని ఇంకొకరితో చదివించుకోవాలని తోచలేదు.

ఆ రోజు నేను చెప్పిందేమిటంటే: "హాజరు పట్టీలు ఏమయ్యాయో నాకు తెలియదు. నేను ఎవరికీ ఇవ్వలేదు. సూపరింటెండెంటు చీపుర్ల కోసమని చెప్పి ఏదో కాగితం మీద నా వేలు పెట్టించుకున్నాడు. నా మీదకు తోస్తే ఊరుకునేది లేదు." అది వింటూ ఎంత శ్రద్ధగా రాశాడనుకున్నావు! మధ్యలో తలెత్తి, "ఇంకా గట్టిగా రాయనా అమ్మా?" అని అడిగాడు. "గట్టిగానే రాయండి" అన్నాను.

అప్పుడు నాకు ఆయన మీద అనుమానం లేదు. ఇప్పుడన్నీ ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. ఫిబ్రవరిలో ఒకరోజు తెల్లారి నేను వెళ్లేసరికి ఆఫీసు తాళం తీసే ఉంది. ఆయన రికార్డు గదిలోంచి గుడ్డ సంచీతో వస్తున్నాడు. "బైండింగుకమ్మా" అన్నాడు. అలమార అర తుడుద్దామని చూస్తే, మూడు పుస్తకాల మందాన దుమ్ము లేని చోటు. బైండింగుకు వెళ్లినవి తిరిగి రావాలి కదా. రాలేదు.

ఎందుకు తీశాడో కూడా చెబుతాను. పై హాల్లో పద్నాలుగు కుర్చీలు. పద్నాలుగు కుర్చీల కిందా ముప్పై ఒక్క ఏళ్లుగా ఊడుస్తున్నాను. ఇన్‌స్పెక్టరు కింద పెన్సిలు చెక్కు. టైపిస్టు కింద రబ్బరు పొడి, తలపిన్నులు. లెక్కల ఆయన కింద వేరుశెనగ పొట్టు, వద్దన్నా మానడు. కిటికీ వరసలో చివరి మూడు కుర్చీల కింద మాత్రం దుమ్మే. మనిషి కూర్చునే చోట దుమ్ము నలుగుతుందే. కాళ్లకు అటూ ఇటూ జరిగి అంచులకు చేరుతుంది. మనిషి రాని చోట పరుపులా పడుకుంటుంది. ఆ మూడూ మూడేళ్లుగా పరుపులే. కానీ ఆ మూడు కుర్చీల మనుషులు రోజూ వస్తున్నట్టు హాజరు పట్టీలో ఉంటుందని టైపిస్టు ఒకసారి నవ్వులాటగా అంది. ఆ పట్టీలు రాసేది గుమాస్తా. పక్కన సంతకం సూపరింటెండెంటుది. రాని మనుషుల జీతాలు ఎవరి జేబులోకి పోతున్నాయో వేరే చెప్పాలా?

ఎప్పటికైనా ఎవరో అడుగుతారని ముందే దాచినట్టున్నారు, మీవాళ్లు నిజంగానే పంపమనేసరికి వాళ్లకు వణుకు పుట్టింది. చదువురాని ముసలిది చేతికి దొరికింది.

ఇప్పుడు నేను రోజూ తెల్లారి అయిదున్నరకు వెళ్లేసరికి తాళం తీసే ఉంటోంది. లోపల దీపం వెయ్యకుండా కూర్చుని ఉంటాడు. మొన్న, "చీకట్లో మెట్లు జాగ్రత్తమ్మా" అన్నాడు. ఆ మెట్లు నేను ముప్పై ఒక్క ఏళ్లుగా ఎక్కుతున్నాను. నా మెట్ల సంగతి ఏనాడూ అడగనివాడు. చీపురు గట్టిగా పట్టుకుని, గోడవారగా ఎక్కాను.

నిన్న ఇంకో మాట అన్నాడు. "మీ అమ్మాయి సంతకం కూడా ఉందమ్మా ఆ కాగితాల మీద. నువ్వు నోరు విప్పితే మొదట రోడ్డు మీద పడేది ఆవిడే." ఏ కాగితాలు? ఏ సంతకం? చూసి నాకు రాయి. డైరెక్టరు దగ్గర్నుంచి ఆ దొంగ ఉత్తరం వెనక్కి లాక్కో. ఇంకో పద్నాలుగు నెలల్లో చీపురు దించుతాను. దొంగ అనిపించుకుని మాత్రం దించను.

ఇట్లు, బతిమాలడం రాని
నీ పెద్దమ్మ (ముద్ర వెయ్యడానికి ముందు ఇది మందుల షాపాయనతో కూడా చదివించుకున్నాను)


జూన్ 23

పెద్దమ్మా,

నీ తిట్లు చదువుతుంటే ప్రాణం లేచొచ్చింది. తర్వాత ప్రాణం పోయినట్టయింది.

ఆ ఉత్తరం వెనక్కి రాదు. ఫైల్లో పద్నాలుగో పేజీగా అంకె వేసి కుట్టేశారు. ఒకసారి కుట్టిన కాగితం తియ్యడానికి లేదు. ఆ నియమం కూడా నేను నేర్పేదే. నా చేత్తో మోసుకెళ్లి నిన్ను దొంగను చేశాను.

ఆ మూడు కుర్చీల పేర్లు చూశాను. గుమాస్తా అబద్ధం చెప్పలేదు. ఆరునెలలకోసారి ప్రతి ఊరి ఆఫీసు నుంచీ ఒక ధ్రువపత్రం వస్తుంది, 'కింది పేర్లు గల సిబ్బంది అందరూ విధుల్లో ఉన్నారు' అని. దాన్ని మేము సరిచూశామని కింద సంతకం పెట్టాలి. అరవై ఆఫీసుల కట్ట మధ్యాహ్నం బల్ల మీదికొస్తే సాయంత్రానికి వెళ్లిపోవాలి. నేనీ పదవిలోకి వచ్చాక నాలుగుసార్లు వచ్చాయి. నాలుగింటి మీదా ఆ ముగ్గురి పేర్లున్నాయి. నాలుగింటి కిందా నా సంతకం ఉంది, 'సరిచూశాను' అన్న మాట పక్కనే.

ఒక్క పేరూ సరిచూడలేదు పెద్దమ్మా. ఎవరూ చూడరు. నాకు ముందున్నాయనా చూడలేదు. కానీ సంతకం నాది.

రెండు రోజులుగా అన్నం దిగడం లేదు. తలుపు చప్పుడైతే నా కోసమే వచ్చారనిపిస్తోంది. విచారణలో పుస్తకాలు నువ్వు ఇవ్వలేదని చెప్పు. ఉత్తరంలో మాటలు నీవి కావని చెప్పు. కుర్చీల సంగతి మాత్రం ఎత్తకు. నాకు కాస్త సమయం కావాలి. నేను చూసుకుంటాను, నువ్వు ఊరుకో.

ఈ ఉత్తరం ఒక్కరితోనే చదివించుకుని పొయ్యిలో పెట్టెయ్యి. కుట్టుమిషను అక్కా, మీకు దణ్ణం పెడతాను, ఎవరితోనూ అనకండి.

పిడుగు


జూలై 2

పిడుగూ,

ఒక్కరితోనే చదివించుకోమన్నావు. కుట్టుమిషను ఆమె చదివింది. నమ్మలేదు. పాపం, ఆమెనే అనుమానించి, కాగితం లాక్కుని, వానలో మందుల షాపుకు పోయాను. ఆయన చదివాడు. పొల్లుపోకుండా అదే.

ఇద్దరి చదువూ ఒకటైంది. అప్పుడు వేసింది నాకు అసలు భయం. తెల్లారి గుమాస్తా చీకట్లో కూర్చుంటే కూడా అంత భయం వెయ్యలేదు.

"నేను చూసుకుంటాను, నువ్వు ఊరుకో." నువ్వు రాయకుండానే నీ పేరు పెట్టి గుమాస్తా నాకు చదివిన మాటలవి. ఇప్పుడు అవే మాటలు నువ్వు నీ చేత్తో రాశావు. ఒక్క అక్షరం తేడా లేదే.

నిన్న విచారణ జరిగింది. వచ్చినాయన సన్నగా, నెమ్మదిగా ఉన్నాడు. సూపరింటెండెంటు గదిలో బల్లకు ఆ వైపు ఆయన, ఈ వైపు నేను. నిలబడి ఉంటే కుర్చీ చూపించాడు. ఆ గదిలో కుర్చీలో కూర్చోవడం నాకు అదే మొదలు. గుమాస్తా, సూపరింటెండెంటు గోడకానుకుని నిలబడ్డారు. ఆయన పద్నాలుగో పేజీ తీసి మొత్తం చదివాడు.

"ఇది మీరు చెప్పిందేనా అమ్మా?"

"మోకాలూ, గొడుగూ నావి బాబూ. మధ్యలోది నాది కాదు."

"వేలిముద్ర?"

"వేలు నాదే. పైన ఏముందో కనపడని వేలు."

గుమాస్తా అందుకున్నాడు. "పెద్దావిడ సార్. మతిమరుపు. ఆ రోజు ఏడుస్తూ చెప్పింది, నేనే ఓదార్చాను."

"ఏడ్చానా? నేనా?" అన్నాను. "మీ అమ్మగారు పోయిన రోజున మీరు గుక్కపట్టి ఏడుస్తుంటే మంచినీళ్లు తాగించింది ఎవరు?" టైపిస్టు తలుపు అవతల కిసుక్కుమంది. విచారణాయన నవ్వలేదు.

"సరేనమ్మా, మీ మాటే నిజమనుకుందాం. ఈయన అలా ఎందుకు రాస్తారు? ఈయనకేం పని?"

అదీ ప్రశ్న. దానికి ఒకటే జవాబు. అది నువ్వు ఎత్తవద్దన్నదే.

గుమాస్తా నన్నే చూస్తున్నాడు, నీ పేరు ఆయన పెదాల మీద ఉంది. మాట మింగితే నేను దొంగను. కక్కితే నువ్వు రోడ్డు మీద. నా సంగతి నాకు పెద్ద లెక్కలేదు, ముసలిదాన్ని, ఎక్కడో ఒకచోట పడి ఉంటాను. మింగేద్దామనే అనుకున్నాను పిడుగూ. నీ మీద ఒట్టు, నోరు మూసే కూర్చున్నాను.

అప్పుడు తోచింది. నేను మింగితే ఈ ఆరునెలల కట్ట మళ్లీ నీ బల్ల మీదికొస్తుంది. ఆ ముగ్గురి పేర్లూ ఉంటాయి. నువ్వు మళ్లీ సంతకం పెడతావు. ఇన్నాళ్లూ చూడక పెట్టావు. ఈసారి తెలిసి పెడతావు. ఆ తర్వాత గుమాస్తాకు నీ మీద ఉన్న పట్టు ఇంక వదలదు. ఆయన రాయమన్నది రాస్తావు, ఊరుకోమంటే ఊరుకుంటావు. అలా బతకడానికా నిన్ను నేను పెంచింది?

"పైకి రండి బాబూ, చూపిస్తాను" అన్నాను.

వారం రోజులుగా ఆ హాలు నన్ను ఊడవనివ్వలేదులే. సాక్ష్యం చెరిపేస్తానని వాళ్లే వద్దన్నారు. అది వాళ్లకే చుట్టుకుంది. కుర్చీ కుర్చీకీ ఆయన్ని తిప్పాను. ఇది ఇన్‌స్పెక్టరుగారిది, పెన్సిలు చెక్కు చూడండి. ఇది లెక్కల ఆయనది, పొట్టు చూడండి. ఆయన సిగ్గుపడి కాలితో లోపలికి తోశాడు. చివరి మూడింటి దగ్గర ఆగాను. విచారణాయన మోకాళ్ల మీద వంగాడు. కుర్చీ కాళ్ల మధ్య అడ్డకర్రను వేలితో రుద్ది చూశాడు. మనం కాలు ఆనించే చోట కర్ర అరిగి నున్నగా ఉంటుంది. ఆ మూడింటికీ వార్నిషు కొత్తగానే ఉంది.

"వీళ్లెక్కడ?" అన్నాడు.

"సెలవులో ఉన్నారు సార్" అన్నాడు సూపరింటెండెంటు.

"ముగ్గురూనా?"

"మూడేళ్లుగా బాబూ" అన్నాను నేను.

గుమాస్తా మొహం సున్నం కొట్టినట్టయింది. విచారణాయన నేను చెప్పిందంతా రాసుకున్నాడు. ఇద్దరితో విడివిడిగా చదివిస్తే గానీ వేలు పెట్టనన్నాను. విసుక్కుంటాడేమో అనుకున్నాను. టైపిస్టును ఒక గదిలో, తన డ్రైవరును ఇంకో గదిలో పెట్టి చదివించాడు.

నీ సంతకం మాట నేను ఎత్తలేదు. కానీ దాగదు. పదిహేనో తారీఖున ఆ ధ్రువపత్రాలన్నీ తెప్పిస్తారట. గుమాస్తా అంతవరకూ కూడా ఆగడు. వాళ్లు పిలిచేలోగా నువ్వే వెళ్లు. డైరెక్టరు గదికి నీ కాళ్లతో నువ్వు నడిచి వెళ్లడం వేరు, పిలిపించుకుని నిలబడడం వేరు. పోతే పోనీ అని తేలిగ్గా అనను. ఆ పదవి కోసం ఎన్నేళ్లు చదివావో, నీ పుస్తకాల పక్కన కూర్చుని ఒక్క ముక్కా తెలియకపోయినా పేజీలు తిరగడం చూసినదాన్ని.

నాకూ భయంగానే ఉంది. నా తాళంచెవులు తీసుకున్నారు. తేలేదాకా రావద్దన్నారు. గుమాస్తా నిన్న సాయంత్రం మా వీధిలో రెండుసార్లు నడిచాడు, ఇటు చూడకుండా. కుట్టుమిషను ఆమె మిషను తెచ్చి మా గుమ్మంలో వేసుకుంది. "ఆ కాలరు లెక్క ఇవాళ తేల్చుకుందాం, రమ్మను" అంటోంది.

నీ ఉత్తరం పొయ్యిలో పెట్టలేదు. ఇక్కడున్న నీ పాత పెట్టెలో పెట్టాను. చించుతావో, చూపిస్తావో, వచ్చినప్పుడు నీ ఇష్టం.

పెద్దమ్మ (ముద్ర)


జూలై 8

పెద్దమ్మా,

నిన్న అందింది. ఇవాళ వెళ్లాను. తొమ్మిదిన్నరకే వెళ్లి, డైరెక్టరు గది గుమ్మం దాకా పోయి, మరుగుదొడ్డిలోకి వెళ్లి తలుపేసుకున్నాను. అది కూడా నీకు చెప్పాలి. మళ్లీ బయటికొచ్చేసరికి పదిన్నర.

నాలుగు ధ్రువపత్రాలూ ఆయన బల్ల మీద పరిచాను. "ఈ ముగ్గురినీ నేను చూడలేదు సార్. ఎవరినీ చూడలేదు. చూశానని రాశాను" అన్నాను. జూన్ 23న నీకు ఏం రాశానో కూడా చెప్పాను.

"ఆ ఉత్తరం సంగతి మాకు తెలిసే దారి లేదు కదా" అన్నారు ఆయన.

"లేదు సార్" అన్నాను.

ఆయన ఒక తెల్లకాగితం ఇచ్చి అంతా రాయమన్నారు. రాస్తూ రాస్తూ ఒకచోట చెయ్యి దానంతటదే 'పని ఒత్తిడి వల్ల' అని రాసింది. కొట్టేశాను.

మీ రికార్డు గుమాస్తానూ, సూపరింటెండెంటునూ పనిలోంచి ఆపారు. నీ మీద పెట్టిన నేరం తీసేస్తున్నట్టు కాగితం వస్తుంది. నన్నూ పక్కన పెట్టారు. ఎంతకాలమో, ఆ తర్వాత ఏమిటో తెలియదు. నా గదికి తాళం వేశారు. వరండాలో బల్ల మీద కూర్చుని ఇది రాస్తున్నాను. నా విభాగం వాళ్లు ఫైళ్లు మొహానికి అడ్డం పెట్టుకుని నా ముందునుంచే వెళ్తున్నారు.

ఒకామె మాత్రం వచ్చి పక్కన కూర్చుంది. చేరి ఏడాది కూడా కాలేదు. ఒళ్లో ఈ ఆరునెలల ధ్రువపత్రాల కట్ట. ఇవాళ నుంచి సంతకం ఆమెనే పెట్టమన్నారట. "మేడమ్, అరవై ఆఫీసులు. సాయంత్రానికి కావాలంటున్నారు. ఇందులో ఒక్క మనిషిని కూడా నేను చూడలేదు. ఏం చెయ్యను?" అంది.

సాయంత్రానికి కావు అని చెప్పమన్నాను. చెప్పి వచ్చింది.

కూర్చుని మొదటి పేరు చదవమన్నాను. చదువుతోంది. ఉంటాను పెద్దమ్మా.

నీ పిడుగు